జంతు కణజాల సారాలు – పురుష ప్రత్యుత్పత్తి పరిశోధన

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంటుంది. చాలా బడుల్లో ఆ పాఠం రోజున వెనుక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. సారు బల్ల మీద బొమ్మ గీసి, భాగాల పేర్లు రాయించి, "మిగతాది మీరే చదువుకోండి" అని తరువాతి పాఠానికి వెళ్లిపోతారు. ఆ మిగతాది మన పిల్లలు ఎక్కడ చదువుకుంటారు? బస్టాండు గోడల మీద, రైలు పెట్టెల్లో అంటించిన చీటీల మీద, ఇప్పుడైతే సెల్‌ఫోన్లో వచ్చే ప్రకటనల్లో. అక్కడ సైన్సు ఉండదు. భయం ఉంటుంది, ఆ భయానికి మందు ఖరీదు ఉంటుంది.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఈ విషయం ఎంచుకున్నాం. మన సైనిక్‌పురి హాస్టల్లో ఉండి బైపీసీ చదివి, ఆ దారిలోనే ముందుకు వెళ్లిన మేము కొందరం కలిసి రాస్తున్న పాఠం ఇది. పురుషుని శరీరంలో హార్మోన్లు, శుక్రకణాలు ఎలా పనిచేస్తాయో శాస్త్రవేత్తలు కనిపెట్టడానికి జంతువుల కణజాలాల నుంచి తీసిన సారాలు ఎలా ఉపయోగపడ్డాయి, అందులో మన హైదరాబాద్ పాత్ర ఏమిటి, అందులోంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి అన్నవి వరుసగా చూద్దాం.

ముందుగా నాలుగు మాటలు

పురుషునిలో ముఖ్యమైన అవయవాలు రెండు వృషణాలు. పాత పుస్తకాల్లో వీటినే ముష్కాలు అంటారు. ఇవి రెండు పనులు చేస్తాయి. ఒకటి, శుక్రకణాలను తయారుచేయడం. రెండు, టెస్టోస్టిరాన్ అనే హార్మోన్‌ను తయారుచేయడం. మొదటి పని శుక్రోత్పాదక నాళికల్లో జరుగుతుంది. రెండో పని ఆ నాళికల మధ్య ఉండే లీడిగ్ కణాల్లో జరుగుతుంది. వృషణాలు శరీరం వేడి కంటే రెండు, మూడు డిగ్రీలు తక్కువ వేడిలో ఉంటేనే శుక్రకణాలు సరిగా తయారవుతాయి. అందుకే అవి ఉదరంలో కాకుండా బయట సంచిలో ఉంటాయి.

వృషణంలో తయారైన శుక్రకణానికి అప్పటికి ఈదడం రాదు. వృషణాన్ని అంటిపెట్టుకుని చుట్టలు చుట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే పొడవాటి గొట్టంలో కొన్ని రోజులు ప్రయాణం చేశాకే దానికి కదలిక వస్తుంది. ఆపై శుక్రాశయాలు, పౌరుష గ్రంథి తమ ద్రవాలను కలుపుతాయి. శుక్రకణానికి తిండి అయిన ఫ్రక్టోజ్ చక్కెర శుక్రాశయాల ద్రవంలో ఉంటుంది. శుక్రకణాలను తీసేస్తే మిగిలే ద్రవాన్ని శుక్రద్రవం అంటాం. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తాయి.

సారం అంటే ఏమిటి?

చారు కాచేటప్పుడు చింతపండును నీళ్లలో పిసికి పిప్పి పారేసి పులుసు ఉంచుకుంటాం. సూత్రం అదే. కణజాలంలో వేల రకాల పదార్థాలు కలిసి ఉంటాయి. దాన్ని నలగగొట్టి, మనకు కావలసిన పదార్థం కరిగే ద్రవంలో కలిపి, కరగని పిప్పిని వేరుచేస్తే మిగిలేది సారం.

ప్రయోగశాలలో పని ఇలా సాగుతుంది. కబేళాలో కోసిన మేకపోతు వృషణాన్ని మంచుగడ్డల మధ్య పెట్టి వెంటనే తెస్తారు. ఆలస్యమైతే కణాల్లోని ఎంజైములే లోపలి ప్రొటీన్లను తినేస్తాయి. పైనున్న తెల్లటి గట్టి పొరను ఒలిచేసి, లోపలి మెత్తటి భాగాన్ని ముక్కలు చేసి, చల్లటి బఫర్ ద్రావణంలో హోమోజినైజర్‌తో మెత్తగా చేస్తారు. తరువాత సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పితే బరువైన పదార్థం అడుక్కు చేరుతుంది. పైన తేరుకున్న ద్రవమే సారం. అందులో ప్రొటీన్ ఎంత ఉందో కొలిచి, చిన్న గొట్టాల్లో పోసి, పేరు, తేదీ రాసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచుతారు.

నీళ్లలో కరిగే ప్రొటీన్ కావాలంటే నీటి బఫర్ వాడాలి. టెస్టోస్టిరాన్ కొవ్వు జాతికి చెందిన పదార్థం. అది కావాలంటే ఆల్కహాల్, బెంజీన్, ఎసిటోన్ లాంటి ద్రావకాలు వాడాలి. ఏ ద్రావకం వాడామో దాన్ని బట్టే సారంలో ఏముందో ఉంటుంది. ఇది చాలా ముఖ్యమైన మాట. దీన్ని పట్టించుకోని ఒక పెద్ద శాస్త్రవేత్త కథ ముందు చెబుతాం.

కోడిపుంజులతో మొదలు

మన పల్లెల్లో కోడెదూడకు విత్తులు కొట్టిస్తే అది నెమ్మదించి ఎద్దు అవుతుందని వ్యవసాయం చేసే ప్రతి ఇంటికీ తెలుసు. వృషణాలు పోతే పశువు స్వభావం మారుతుందని వేల ఏళ్లుగా మనుషులు గమనించారు. ఎందుకు మారుతుందన్నది మాత్రం తెలియదు.

1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు చిన్న కోడిపుంజులతో ప్రయోగం చేశాడు. కొన్నింటికి వృషణాలు పూర్తిగా తీసేశాడు. అవి పెద్దయినా కూయలేదు, కొట్లాడలేదు, తలమీది ఎర్రటి తురాయి చిన్నగానే ఉండిపోయింది. మిగతా వాటికి వృషణాలు తీసి, ఒక వృషణాన్ని పొట్టలో వేరే చోట అమర్చాడు. అవి మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్లాడాయి, తురాయి పెరిగింది. అమర్చిన వృషణానికి పాత నరాల సంబంధం లేదు, కొత్తగా రక్తనాళాలు మాత్రమే పుట్టాయి. అంటే వృషణం ఏదో ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతోంది, అదే శరీరమంతా తిరిగి పనిచేస్తోంది అన్నమాట. హార్మోన్ అనే మాట ఇంకా పుట్టకముందే జరిగిన హార్మోన్ ప్రయోగం ఇది.

పేరున్న శాస్త్రవేత్త, పనిచేయని సారం

చార్లెస్ ఎడ్వర్డ్ బ్రౌన్-సెకార్డ్ పారిస్‌లో గొప్ప పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. 1889 జూన్ 1న, 72 ఏళ్ల వయసులో, ఆయన శాస్త్రవేత్తల సభలో లేచి ఒక ప్రకటన చేశాడు. కుక్కల, గినీ పందుల వృషణాలను నీళ్లలో నలిపి వడగట్టిన సారాన్ని తన చర్మం కిందికి తానే సూదితో ఎక్కించుకున్నానని, బలం పెరిగిందని, అలసట తగ్గిందని, మెదడు చురుకైందని చెప్పాడు. వార్త పత్రికల్లోకి ఎక్కింది. యూరప్‌లోనూ అమెరికాలోనూ వృషణ సారం వ్యాపారం మొదలైంది.

కానీ ఆ సారంలో ఏముంది? ఇందాక చెప్పిన మాట గుర్తుచేసుకోండి. టెస్టోస్టిరాన్ నీళ్లలో సరిగా కరగదు. పైగా వృషణం ఆ హార్మోన్‌ను నిల్వ చేసుకోదు, తయారైంది తయారైనట్టు రక్తంలోకి పంపేస్తుంది. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు కుక్క వృషణాలతో అదే పద్ధతిలో సారం తీసి కొలిచారు. మనిషి శరీరంలో పనిచేయడానికి కావలసిన దాని కంటే అందులో టెస్టోస్టిరాన్ వేల రెట్లు తక్కువగా ఉంది. మరి ఆయనకు బలం ఎలా వచ్చింది? వస్తుందని నమ్మాడు కనుక వచ్చినట్టు అనిపించింది. దీనినే ప్లాసిబో ప్రభావం అంటారు.

ఆయన మోసగాడు కాదు. తన మీద తాను ప్రయోగం చేసుకున్నాడు, పోల్చి చూడటానికి రెండో మనిషి లేడు, వట్టి నీళ్ల సూది వేయించుకున్న మనిషి అసలే లేడు. దీన్నే కంట్రోల్ లేని ప్రయోగం అంటాం. పేరు ఎంత పెద్దదైనా కంట్రోల్ లేని ప్రయోగం నిలబడదు.

ఈ సంగతి మన ఊరి నమ్మకానికీ వర్తిస్తుంది. హైదరాబాద్ మటన్ దుకాణాల్లో కపూరే అనే పేరుతో పొట్టేలు వృషణాలు అమ్ముతారు. వేపుడు చేసుకుని తింటారు. అది మంచి మాంసాహారమే, అందులో మాంసకృత్తులు ఉన్నాయి. కానీ తింటే మగతనం పెరుగుతుందనేది నిజం కాదు. అందులో నిల్వ ఉన్న హార్మోన్ చాలా తక్కువ. ఆ కొద్దిపాటిలో కూడా ఎక్కువ భాగం పేగుల నుంచి కాలేయానికి చేరగానే విరిగిపోతుంది. రుచి కోసం తినండి, వేరే ఆశతో వద్దు.

పద్దెనిమిది కిలోలకు ఇరవై మిల్లీగ్రాములు

సరైన దారి 1927లో దొరికింది. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోక్, ఆయన విద్యార్థి లెమ్యుయెల్ మెక్‌గీ కలిసి నగరంలోని పెద్ద కబేళాల నుంచి ఆంబోతుల వృషణాలు తెచ్చారు. నీళ్లు కాకుండా కొవ్వును కరిగించే ద్రావకాలతో సారం తీశారు. 40 పౌండ్ల వృషణాల నుంచి, అంటే సుమారు 18 కిలోల నుంచి, చివరికి మిగిలింది 20 మిల్లీగ్రాముల పదార్థం. దాన్ని విత్తులు తీసిన పుంజులకు ఎక్కిస్తే తురాయి పెరగడం మొదలైంది. తురాయి ఎంత పెరిగిందో కొలిస్తే సారంలో మందు ఎంత ఉందో తెలుస్తుంది. ఇలా ప్రాణి శరీరాన్నే తక్కెడగా వాడే పద్ధతిని జీవ పరీక్ష అంటారు. సారం ఎక్కించని పుంజులు పక్కనే ఉన్నాయి కనుక ఈ ఫలితాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

1931లో జర్మనీలో అడాల్ఫ్ బ్యుటెనాంట్ పోలీసుల నుంచి సేకరించిన వేల లీటర్ల మూత్రం నుంచి ఆండ్రోస్టెరాన్ అనే హార్మోన్‌ను 15 మిల్లీగ్రాములు వేరుచేశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లకూర్ బృందం సుమారు 100 కిలోల ఎద్దుజాతి వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల స్ఫటికాలు తీసి, దానికి టెస్టోస్టిరాన్ అని పేరుపెట్టింది. అదే ఏడాది బ్యుటెనాంట్, స్విట్జర్లాండ్‌లో లియోపోల్డ్ రుజిచ్కా వేర్వేరుగా కొలెస్టరాల్ నుంచి టెస్టోస్టిరాన్‌ను తయారుచేశారు. ఇద్దరికీ కలిపి 1939 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అసలు పదార్థం ఏమిటో తెలిసి, ప్రయోగశాలలో తయారుచేయగలిగిన రోజున ఆ హార్మోన్ కోసం వృషణాలు నలపవలసిన అవసరం తీరిపోయింది. మంచి సారం పని అదే. తెలియని పదార్థాన్ని తెలిసేలా చేసి, తన అవసరం లేకుండా తాను తప్పుకుంటుంది.

మరికొన్ని సారాలు, మరికొన్ని సంగతులు

హయలురోనిడేజ్: 1928లో డురాన్-రెనాల్స్ అనే శాస్త్రవేత్త వృషణ సారాన్ని వైరస్‌తో కలిపి చర్మంలోకి ఎక్కిస్తే, ఆ వైరస్ చర్మంలో మామూలు కంటే ఎక్కువ దూరం వ్యాపించడం చూశాడు. 1940లో చెయిన్, డూతీ దీనికి కారణం కణాల మధ్య ఉండే జిగురును కరిగించే ఎంజైమ్ అని చూపారు. శుక్రకణం తల మీది టోపీలో ఈ ఎంజైమ్ ఉంటుంది. అండం చుట్టూ ఉన్న కణాల గుంపును దాటడానికి అది తోడ్పడుతుంది. నేడు సంతాన సాఫల్య కేంద్రాల్లో ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి పంపే ఇక్సీ పద్ధతిలో, ముందుగా అండం చుట్టూ ఉన్న కణాలను ఒలవడానికి ఇదే ఎంజైమ్ వాడతారు.

ప్రోస్టాగ్లాండిన్లు: 1930లలో స్వీడన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయ్లర్ శుక్రద్రవంలో కండరాలను కదిలించే పదార్థం ఉందని చూసి, పౌరుష గ్రంథి నుంచి వస్తుందనుకుని ప్రోస్టాగ్లాండిన్ అని పేరుపెట్టాడు. నిజానికి అది ఎక్కువగా శుక్రాశయాల నుంచి వస్తుంది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. తరువాత సూన్ బెర్గ్‌స్ట్రోమ్ గొర్రె గ్రంథుల నుంచి దాన్ని శుద్ధిచేశాడు. ఈ పనికి 1982లో ఆయనతో పాటు మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. ఈ కుటుంబానికి చెందిన మందులను ఇవాళ ప్రసూతి వార్డుల్లో వాడుతున్నారు.

జీఎన్‌ఆర్‌హెచ్: వృషణాలకు ఆజ్ఞ పీయూష గ్రంథి నుంచి వస్తుంది. పీయూష గ్రంథికి ఆజ్ఞ మెదడులోని హైపోథాలమస్ నుంచి వస్తుంది. ఆ ఆజ్ఞ ఏమిటో కనుక్కోవడానికి ఆండ్రూ షాలీ పందుల మెదడు ముక్కలను, రోజర్ గియెమన్ గొర్రెల మెదడు ముక్కలను లక్షల సంఖ్యలో కబేళాల నుంచి సేకరించారు. 1971లో దొరికింది, పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1977లో వారికి నోబెల్ వచ్చింది. దాన్ని పోలిన మందులను నేడు పౌరుష గ్రంథి కేన్సర్ చికిత్సలో ఇస్తున్నారు.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారిని కూడా ఇక్కడే తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల సారం నుంచే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తరువాత ఏటీపీని వేరుచేశారు. శుక్రకణం తోక కొట్టుకోవడానికి శక్తి ఇచ్చేది ఆ ఏటీపీయే.

మన హైదరాబాద్‌లో ఏం జరిగింది?

ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సెక్కి మౌలాలి దాటి తార్నాక, హబ్సిగూడ వైపు వెళ్తే ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ కనిపిస్తుంది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం దాని పూర్తి పేరు. మనలో ఎంతోమంది ఆ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లి ఉంటాం. లోపల మన పాఠానికి సంబంధించిన చరిత్ర ఉంది.

ఈ కేంద్రం 1977లో మొదలైంది. వ్యవస్థాపక డైరెక్టర్ డాక్టర్ పుష్ప మిత్ర భార్గవ. ఆంబోతు శుక్రకణాల మీద ఆయనకు మొదటి నుంచి ఆసక్తి. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, భార్గవ కలిసి ప్రపంచ ప్రసిద్ధమైన 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఆంబోతు శుక్రద్రవంలో సూక్ష్మజీవులను అడ్డుకునే ప్రొటీన్ ఒకటి ఉందని, అది ఈ-కోలై బాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేస్తుందని అందులో చూపారు. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు. 47 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అది.

ఇది ఎందుకు ముఖ్యం? శుక్రద్రవం అంటే శుక్రకణాలను మోసుకెళ్లే నీళ్లు మాత్రమే కాదని, దానికి తనదైన రక్షణ సామగ్రి ఉందని తెలిసింది. తరువాత ఇదే ప్రొటీన్ శుక్రకణంలోకి కాల్షియం ప్రవేశాన్ని అదుపు చేస్తుందని అమెరికాలో మరో బృందం వేరే దారిలో వెళ్లి కనుగొంది. ఒకే పదార్థం, రెండు పనులు.

కథ అక్కడితో ఆగలేదు. 1990లో సీసీఎంబీకే చెందిన సీతారాం, నాగరాజ్ ఆ 47లో 13 అమైనో ఆమ్లాల ముక్కను మాత్రమే కృత్రిమంగా తయారుచేసి చూశారు. ఆ చిన్న ముక్క కూడా బాక్టీరియాను చంపింది. కానీ ఎర్ర రక్తకణాలను కూడా పగలగొట్టింది. వాళ్లు తమ వ్యాసం శీర్షికలోనే ఈ రెండు సంగతులూ రాశారు. బాక్టీరియాను చంపుతుందన్న మంచి వార్త మాత్రమే రాసి ఊరుకోలేదు. తమ్ముళ్లారా, గోడ మీది ప్రకటనకూ సైన్సు వ్యాసానికీ తేడా ఇదే. ప్రకటనలో లాభం మాత్రమే ఉంటుంది. వ్యాసంలో నష్టం కూడా ఉంటుంది.

సీసీఎంబీలోనే పనిచేసి 1998 నుంచి 2009 వరకు డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ లాల్జీ సింగ్ మరో దారిలో వెళ్లారు. నలుపు, పసుపు పట్టీలుండే కట్లపాము జాతి నుంచి తీసిన డీఎన్‌ఏలో, ఆడపాముల లింగ క్రోమోజోమ్ మీద పదేపదే వచ్చే వరుసలను ఆయన గుర్తించారు. అవే వరుసలు మగ ఎలుక వై క్రోమోజోమ్ మీద కూడా కనిపించాయి. క్రోమోజోముల లెక్కన ఆడవి కావలసిన కొన్ని చిట్టెలుకలు మగవిగా ఎందుకు పుడుతున్నాయో తేల్చడానికి 1982లో ఆ పాము డీఎన్‌ఏ ఉపయోగపడింది. ఆ తరువాత మన దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతికి కూడా అదే ఆధారమైంది. పాము కణజాలం నుంచి తీసిన ఒక పదార్థం మగ ఎలుక పుట్టుకను, కోర్టు కేసును కూడా తేల్చిందంటే ఆశ్చర్యం కదా.

సీసీఎంబీ శాస్త్రవేత్తలు మన దేశంలో శుక్రకణాలు అసలే లేని పురుషుల వై క్రోమోజోమ్‌ను పరీక్షించి, వారిలో కొందరికి ఆ క్రోమోజోమ్‌లో చిన్న ముక్కలు లోపించడమే కారణమని కూడా చూపారు. అత్తాపూర్ దగ్గర ఉన్న ల్యాకోన్స్ అనే విభాగాన్ని 2007 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు జాతికి అంకితం చేశారు. అక్కడి శాస్త్రవేత్తల కృషితో 2006లో చుక్కల దుప్పికి, 2007లో కృష్ణజింకకు కృత్రిమ గర్భధారణ ద్వారా పిల్లలు పుట్టాయి. చనిపోయిన అడవి జంతువు ఎపిడిడిమిస్ నుంచి బతికున్న శుక్రకణాలను తీసి దాచే విద్య ఇలాంటి చోట్లనే పెరిగింది.

కబేళా, చట్టం, మర్యాద

కొందరికి సందేహం రావచ్చు. పరిశోధన కోసం జంతువులను చంపుతున్నారా అని. ఇక్కడ రెండు రకాలు ఉన్నాయి. మాంసం కోసం ఎలాగూ కోసిన జంతువు నుంచి, పారేసే భాగాన్ని తెచ్చుకోవడం ఒకటి. కోల్‌కతాలోని రసాయన జీవశాస్త్ర సంస్థలో శుక్రకణాల కదలిక మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలకు కబేళా మేకల ఎపిడిడిమిస్సే ఆధారం. రెండోది, ప్రయోగశాలలో పెంచిన ఎలుక, చిట్టెలుక వంటివాటి మీద చేసే ప్రయోగం. దీనికి 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నియమాలు వర్తిస్తాయి. ప్రతి సంస్థలోనూ నైతిక కమిటీ ఉండాలి. ఎన్ని జంతువులు, ఎందుకు, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు అన్నది ముందే రాసి అనుమతి తీసుకోవాలి. వేరే మార్గం ఉంటే జంతువును వాడకూడదు, వాడితే తక్కువ సంఖ్యలో వాడాలి, బాధ తగ్గించాలి. 1959లో రసెల్, బర్చ్ చెప్పిన ఈ మూడు సూత్రాలు నేడు ప్రపంచమంతా పాటిస్తున్నారు.

ఇంకో మాట కూడా మేము చెప్పదలచుకున్నాం. మన హాస్టల్లో చదివినవారిలో పశువుల పని, తోలు పని, మాంసం పని చేసే ఇళ్ల నుంచి వచ్చినవారు ఉన్నారు. ఆ పనుల పేరు చెప్పి మనల్ని చిన్నచూపు చూసినవారు కూడా ఉన్నారు. కోక్, షాలీ, గియెమన్ నోట్‌బుక్కులు కబేళా పనివాళ్ల కత్తి నేర్పు మీద ఆధారపడ్డాయి. ఏ గ్రంథి ఎక్కడ ఉంటుంది, దాన్ని చిట్లకుండా ఎలా తీయాలి, ఎంతసేపట్లో పాడవుతుంది అన్నది వాళ్లకు తెలుసు. మీ నాన్నకో తాతకో ఆ నేర్పు ఉంటే అది శరీర నిర్మాణ శాస్త్రంలో మొదటి పాఠం. దాన్ని దాచుకోకండి. పుస్తకంలోని పేర్లను దానికి జోడించండి.

గోడ మీది ప్రకటన

ఇక మొదట చెప్పిన గోడల దగ్గరికి వద్దాం. నెలనెలా వచ్చే కాస్మెటిక్ చార్జీలు కూడబెట్టి, ఇంటి నుంచి ఫీజు కోసం పంపిన డబ్బు కలిపి, రహస్యంగా ఇలాంటి మందులు కొన్న పిల్లలు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. ఎవరికీ చెప్పుకోలేక, రాత్రుళ్లు నిద్రపట్టక, చదువు పాడుచేసుకున్నవారూ ఉంటారు. వారికోసం కొన్ని నిజాలు:

నిద్రలో వీర్యం పోవడం రోగం కాదు. యుక్తవయసులో అది సహజం. వీర్యం పోతే రక్తం పోయినట్టు, బలం పోయినట్టు అనుకోవడం తప్పు. శుక్రకణాలు ప్రతిరోజూ కోట్ల సంఖ్యలో కొత్తగా తయారవుతూనే ఉంటాయి. ఒక విడత తయారీకి సుమారు రెండు నెలల పైన పడుతుంది, ఆ పని ఆగకుండా నడుస్తుంది.

లైంగిక శక్తి పెంచుతామని, నపుంసకత్వం పోగొడతామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు ఉంది. గోడ మీద ఆ రాత కనిపిస్తే అది చట్టవిరుద్ధమైన రాత అని గుర్తుపెట్టుకోండి.

జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకోవడం ఇంకా ప్రమాదం. బయటి నుంచి హార్మోన్ రాగానే, ఇక చాలు అనుకుని పీయూష గ్రంథి వృషణాలకు ఆజ్ఞ పంపడం ఆపేస్తుంది. శుక్రకణాల తయారీ పడిపోతుంది. వృషణాలు కుంచించుకుపోవచ్చు. మగతనం కోసం వేసుకున్న సూదే సంతానం లేకుండా చేయగలదు.

పెళ్లయ్యాక పిల్లలు పుట్టకపోతే మన ఊళ్లలో మాట పడేది ఆడపిల్లే. గొడ్రాలు అనే మాట మన భాషలో ఉంది. మగవాడికి అలాంటి మాట వాడుకలో లేదు. లోపం ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండవచ్చు. మగవారి వీర్య పరీక్ష తేలిక, ఖర్చు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో ఒక మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలను కింది హద్దుగా ఇచ్చారు. అంతకంటే తక్కువ ఉంటే సంతానం కలగదని కాదు, డాక్టరు ఇంకా చూడాలని అర్థం. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి పరీక్షకు వెళ్లాలి. అక్కను, చెల్లెలిని ఎవరైనా ఆ మాట అంటే, ముందు బావగారి పరీక్ష జరిగిందా అని అడిగే ధైర్యం మనకు ఉండాలి. ఈ పాఠం చదివినందుకు అదైనా ఫలితం ఉండాలి.

తమ్ముళ్లకు

బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. జంతుశాస్త్రం, జీవరసాయన శాస్త్రం, పశువైద్యం, బయోటెక్నాలజీ అన్నీ ఈ దారిలోనివే. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, చెంగిచెర్లలో మాంసం మీద జాతీయ పరిశోధన సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఇవన్నీ మన హాస్టల్ నుంచి సిటీ బస్సులో వెళ్లిరాగల దూరంలోనే ఉన్నాయి. సెప్టెంబర్ 26 సీఎస్‌ఐఆర్ స్థాపక దినం. ఆ రోజుల్లో సీసీఎంబీ వంటి సంస్థలు విద్యార్థులకు తలుపులు తెరవడం ఆనవాయితీ. వార్డెన్ సారును ముందే అడిగి ఒక జట్టుగా వెళ్లండి. ఎవరైనా మందు గురించి, సారం గురించి గొప్పగా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. అందులో ఏముందో కొలిచారా? అది ఇవ్వని వారితో పోల్చారా? నష్టం ఏమిటో రాశారా?

చదివి చూసుకోండి

1. నీటితో తీసిన వృషణ సారంలో టెస్టోస్టిరాన్ ఎందుకు తక్కువగా ఉంటుంది? రెండు కారణాలు రాయండి.
2. బెర్తోల్డ్ ప్రయోగంలో కంట్రోల్ ఏది? నరాల ద్వారా కాదు, రక్తం ద్వారా అని ఎలా తెలిసింది?
3. సెమినల్‌ప్లాస్మిన్ చేసే రెండు పనులు ఏవి? అందులోని 13 అమైనో ఆమ్లాల ముక్కను నేరుగా మందుగా ఎందుకు వాడలేరు?
4. కోక్, మెక్‌గీ సారంలో మందు ఎంత ఉందో దేనితో కొలిచారు?
5. బయటి నుంచి టెస్టోస్టిరాన్ తీసుకుంటే శుక్రకణాలు ఎందుకు తగ్గుతాయి? పీయూష గ్రంథిని చూపుతూ బొమ్మ గీయండి.

జవాబులన్నీ పైనే ఉన్నాయి. రాత్రి స్టడీ అవర్‌లో నలుగురు కూర్చుని చర్చించుకోండి. నవ్వు వస్తే నవ్వుకోండి, ఆ తరువాత బొమ్మ గీయండి.